మడతల తాత రెక్క

మే 28

అత్తా,

ఎలా ఉన్నావని అడగను. అడిగితే మోకాళ్ళ గురించి రెండు పేజీలు రాస్తావు. నాకు జవాబు వెంటనే కావాలి.

తాత పెట్టె తెరిచాం. ఆయన పోయి రెండు నెలలైనా నాన్న ఆ తాళాన్ని ముట్టుకోనివ్వలేదు. నిన్న ఆదివారం తనే తెరిచి, "నీకు పనికొచ్చే పుస్తకాలేమైనా ఉంటే తీసుకో" అని బయటికి వెళ్ళిపోయాడు. పుస్తకాలు లేవు. అన్నీ మడతలే. చొక్కాలు మడత, తువ్వాళ్ళు మడత, ఎప్పటిదో దినపత్రిక కూడా నాలుగు మూలలూ కలిసేలా మడత. నవ్వొచ్చింది. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి, అది వేరే సంగతి.

అట్టడుగున ఒక చేతిరుమాలు, దాని మడతలో నీలం ఉన్ని గుడ్డముక్క. అరచేతిలో సగం ఉంటుంది. దాని మీద దారంతో కుట్టిన రెక్క. ఒక్కటే రెక్క. రెక్క మొదలు దగ్గర చిన్న వలయం, ఆ వలయంలో ఏదో బొట్టులాంటి ఆకారం. దారమంతా వెలిసి ఒకే రంగైపోయింది.

ఇది సైన్యపు గుర్తు కాదా అత్తా? అందులోనూ విమానాలవాళ్ళది?

తాత మనందరికీ ఏం చెప్పాడు? "యుద్ధంలో నువ్వేం చేశావు తాతా" అంటే "బట్టలు మడతపెట్టానురా" అనేవాడు. అందుకేగా మడతల తాత అయ్యాడు. ఆ మాటని నేను ఎన్నిచోట్ల చెప్పానో నీకు తెలీదు. మా అచ్చాఫీసు కార్మికుల సంఘంలో నేను మొట్టమొదట మాట్లాడింది ఆయన గురించే: "మా తాత యుద్ధానికి వెళ్ళి, తుపాకీ ముట్టకుండా, నలుగురి బట్టలు మడిచి తిరిగొచ్చిన మనిషి" అని. చప్పట్లు కొట్టారు. ఇప్పుడు ఊళ్ళో గోడగోడకీ 'విమానదళంలో చేరండి' అని రంగు కాగితాలు అంటిస్తున్నారు. వాటికి ఎదురుగా జూన్ 24న మా సభ. కరపత్రం నేనే రాస్తున్నాను, నేనే అక్షరాలు కూరుస్తున్నాను. మొదటి వాక్యం తాత మీదే.

బట్టలు మడిచేవాడికి రెక్క ఎందుకిస్తారు?

నీ మేనల్లుడు

జూన్ 1

అగ్గిపుల్లకి అత్త ఆశీస్సులు.

మోకాళ్ళు అడుగు పడనివ్వడం లేదు. అడక్కపోయినా చెప్తాను, నా ఉత్తరం నా ఇష్టం. ఆసుపత్రి కుట్టుగదిలో మూడు మిషన్లకి బెల్టులు తెగాయి. కొత్తగా వచ్చిన సూపర్వైజరమ్మకి దుప్పటి అంచు కుట్టడం రాదు కానీ నాకు క్రమశిక్షణ నేర్పుతోంది. డాక్టర్ల గౌన్లు నలభై అప్పజెప్పాలి. నీ రెక్క ఒకటి తక్కువైంది నాకు.

అది ఎక్కడ ఉందో అక్కడే, అదే రుమాల్లో పెట్టెయ్యి. ఉతక్కు. ఎవరికీ చూపించకు. మీ నాన్నని అడగకు, వాడికేమీ తెలీదు. తెలిస్తే పెట్టె నీ చేతికి ఇచ్చేవాడు కాదు.

ఒక ఆదివారం బస్సెక్కి రా. కూర్చుని మాట్లాడుకుందాం. నీ కరపత్రం మొదటి వాక్యం మాత్రం మార్చు. మా నాన్న పేరు చెప్పుకుని చప్పట్లు కొట్టించుకోవడం నాకు ముందునుంచీ నచ్చలేదు. చెప్తే ఎగిరిపడతావని ఊరుకున్నాను.

అన్నం టైముకి తింటున్నావా? మీ అమ్మ రాసింది, పుల్లలా అయిపోయావని. అగ్గిపుల్లకి అంతకంటే లావు అక్కర్లేదులే.

అత్త

జూన్ 5

అత్తా,

దాచమన్నదాన్ని దాచడం నాకు చేతకాదు. నా వయసులో నీకు చేతనయిందేమో.

మా అచ్చాఫీసు సందు చివర గడియారాలు బాగుచేసే ముసలాయన ఉన్నాడు. అద్దాల పెట్టెలో గడియారం పట్టీల పక్కన పాత పతకాలూ గుర్తులూ కూడా పెట్టి అమ్ముతాడు. మధ్యాహ్నం అన్నం మానేసి ఆయన దగ్గరికి వెళ్ళాను. కంటికి భూతద్దం బిగించుకుని చూశాడు.

"రెక్క ఊరికే ఇవ్వరబ్బాయ్. కాళ్ళు నేలమీంచి లేచినవాడికే రెక్క. వంట మనిషికీ, చాకిరీ మనిషికీ ఇవ్వరు" అన్నాడు.

"ఒక్కటే ఉందేం?"

"రెండు రెక్కలు నడిపేవాడికి. ఒక్కటి, పక్కన కూర్చుని ఇంకో పని చేసేవాడికి. ఆ పనేమిటో వలయంలో ఉంటుంది." మళ్ళీ చూశాడు. "పైన సన్నం, కింద లావు. జారుతోంది. నువ్వే చెప్పు ఏమిటో."

చెప్పాను. బాంబు అని.

ఈకల కొనలు పైకి చూస్తున్నాయి అత్తా. దాడికి లేచిన రెక్క. నేను ఇరవై రెండేళ్ళు ఆ మనిషి పక్కన కూర్చుని తిన్నాను. చీమని తొక్కబోతే పక్కకి జరిగి నడవమనేవాడు. పైనుంచి చూస్తే మనుషులు చీమల్లా కనపడతారని తెలిసే అన్నాడా?

ఒక్క మాట అడుగుతున్నాను. ఒక్క మాటలో రాయి. తాత మనుషుల్ని చంపాడా, లేదా?

మేనల్లుడు

జూన్ 9

ఒరే నాన్నా,

ఒక్క మాటలో రాయమన్నావు. నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. కుట్టుగదిలో ఆడవాళ్ళు ప్రేమలేఖ అనుకుంటున్నారు. అరవై దాటినదానికి ఆ గౌరవమైనా దక్కింది.

మా నాన్న తుపాకీ ముట్టలేదు. బాంబు ముట్టలేదు. ఇది నిజం. ఎవర్నీ చంపలేదు అని మాత్రం నేను రాయలేను. ఆయనే ఆ మాట ఎప్పుడూ అనలేదు, ఆయన అనని మాట నేనెలా అంటాను?

నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు ఒక్కసారి చెప్పాడు. చెప్పి, ఇంకెవరికీ చెప్పొద్దన్నాడు. "జవాబు ముందే జేబులో పెట్టుకుని అడిగేవాడికి అసలు చెప్పకు" అన్నాడు. నీ జేబు సంగతి నాకు తెలుసు. అందులో పది కరపత్రాలూ వంద జవాబులూ ఉంటాయి.

ఇది ఉత్తరంలో పట్టే సంగతి కాదు. ఈ ఆదివారం రా. లేదా నన్నే రమ్మను, మోకాళ్ళీడ్చుకుంటూ వస్తాను. అంతవరకూ ఏమీ అచ్చెయ్యకు. నా మాట విను.

గడియారాల ముసలాయన గడియారాలు చూసుకుంటే మంచిది.

అత్త

జూన్ 14

అత్తా,

"చంపలేదు అని రాయలేను." ఇరవైసార్లు చదివాను. దీనికి ఇంకో అర్థం ఉందేమోనని వెతికాను. లేదు. నువ్వు ఒప్పుకున్నావు. ఒప్పుకుంటూ కూడా 'రా, కూర్చో, మాట్లాడుకుందాం' అంటున్నావు. ప్రపంచంలో ఎన్ని ఘోరాలు ఈ కూర్చుని మాట్లాడుకోవడాల కింద కప్పెట్టారో నేను చదివాను. బాంబు ముట్టకపోతే ఏం? మీట నొక్కినవాడు బాంబు ముట్టుకుంటాడా?

ముందుగదిలో తాత ఫొటో దించేశాను. నాన్న అన్నం దగ్గర ఉన్నాడు. "పెట్టు" అన్నాడు. "పెట్టను" అన్నాను. "మా నాన్న ఫొటోరా అది" అన్నాడు. "మీ నాన్న కింద చచ్చినవాళ్ళ ఫొటోలు ఏ గోడకి ఉన్నాయి?" అని అడిగాను. కంచం పక్కకి నెట్టి లేచిపోయాడు. నాన్న గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు, అప్పుడూ వినలేదు. అరిచినా బాగుండేది. అమ్మ మెతుకులు ఎత్తుకుంటూ "నీ సిద్ధాంతాలు ఊడ్చడానికి కూడా నేనే కావాలి" అంది. నేను వచ్చేశాను. అచ్చాఫీసులో కాగితం కట్టలుండే గదిలో ఉంటున్నాను. యజమాని ఏమీ అనలేదు, అద్దెకి బదులు ఉదయాన్నే ఊడవమన్నాడు.

కరపత్రం మార్చాను. నువ్వు కోరినట్టే మొదటి వాక్యం మారింది. వెయ్యి కాపీలు అచ్చయ్యాయి. ఒకటి పెడుతున్నాను. పైన ఉన్నది ఆ రెక్కే. బొమ్మ గీయించేంత టైము లేక గుడ్డకే సిరా పూసి ఒక ముద్ర తీశాను, ఆ ముద్రని బట్టి అచ్చుకి బ్లాకు చేయించాను. అవును, గుడ్డ పాడైంది. పాడవనీ.

శీర్షిక పెద్ద అక్షరాల్లో కూర్చాను: 'మా ఇంట్లో హంతకుడి రెక్క'. సొంత ఇంటిని దాచుకుని ఊరిని ఉద్ధరించేవాణ్ణి కాను. 24న చదువుతాను. యాభై అప్పుడే పంచేశాం.

బాధపడతావని తెలుసు. నేను నీకంటే తక్కువ బాధలో ఏమీ లేను.

మేనల్లుడు

జూన్ 18

ఒరే తెలివితక్కువవాడా,

ముందు ఆ కాగితాన్ని తలకిందులుగా తిప్పు. తిప్పావా? ఇప్పుడు చూడు.

పక్షి ఈకలు ఎక్కడైనా ఆకాశంలోకి పొడుచుకుని ఉంటాయిరా? కిందికి వాలి ఉంటాయి. నువ్వు ఆ గుడ్డని తలకిందులుగా పట్టుకుని ఆ గడియారాల ఆయనకిచ్చావు, ఆయన ఇచ్చినది ఇచ్చినట్టు చూశాడు. తిప్పి చూడాలని మీ ఇద్దరిలో ఒక్కడికీ తోచలేదు. పైన లావు, కింద సన్నం. నీ సిరా ముద్రలో దారాలు కూడా తేలాయి, లెక్కపెట్టు. ఎనిమిది గీతలు గుమ్మటం అంచునుంచి దిగి ఒక్కచోట కలుస్తున్నాయి. అది పారాచ్యూట్. జారుతున్నది బాంబు కాదు, దిగుతున్న మనిషి.

మా నాన్న మడిచింది పారాచ్యూట్లు. పొడుగాటి బల్ల మీద పట్టుగుడ్డ పరిచి, పొర మీద పొర వేసి, తాళ్ళు జడల్లా అల్లి, సంచిలో కుదించి, చీటీ మీద సంతకం పెట్టడం. అదే బట్టలు మడవడం. మనిషి అబద్ధం చెప్పలేదు. అందరూ నవ్వితే తనూ నవ్వాడు, అంతే.

రెక్క ఎందుకిచ్చారంటావా. అక్కడ ఒక పద్ధతి ఉండేదట. ఎప్పుడైనా సరే అధికారి మడతల గదిలోకి వస్తాడు, ఒక మనిషిని వేలెత్తి చూపిస్తాడు, వాడు మడిచిన సంచుల్లోంచి ఒకదాన్ని చూపిస్తాడు. "కట్టుకో, పద." అంతే. తను మడిచినదాన్ని తనే కట్టుకుని విమానంలోంచి దూకాలి. ఈ భయం ఉంటే ఎవడూ ఏమరుపాటుగా మడవడు. ఒకరోజు వేలు మా నాన్న వైపు తిరిగింది. దూకాడు. తెరుచుకుంది. దూకిన మడతగాళ్ళకి ఇచ్చే గుర్తు అది.

ఇంతవరకైతే మొదటి ఉత్తరంలోనే రాసేదాన్ని. నువ్వు మళ్ళీ చప్పట్లు కొట్టించుకునేవాడివి. మిగతాది విను.

నేను కుట్టుగదిలో చేరిన కొత్తలో నన్ను చూడ్డానికి వచ్చాడు. నేను మడిచిన దుప్పట్ల దొంతర చూసి, అన్నీ విప్పి మళ్ళీ మడవడం మొదలెట్టాడు. నాకు తలకొట్టేసినట్టయింది, తోటివాళ్ళు చూస్తున్నారు. "ఇవి దుప్పట్లు నాన్నా, తెరుచుకోకపోతే ఎవడూ చావడు" అన్నాను, ఊరికే, ఏమీ తెలీకుండానే. చేతులు ఆగిపోయాయి. అక్కడే స్టూలు మీద కూర్చుని చెప్పాడు.

"పదకొండుసార్లు కబురొచ్చిందమ్మా, నీ మడత తెరుచుకుంది అని. మొదటిసారి ఎగిరి గంతేశాను. నాలుగోవాడు గదిలోకే వచ్చాడు. చిన్నవాడు, మీసాలు కూడా సరిగా రాలేదు. నా చెయ్యి పట్టుకుని 'అన్నా, నీ దయవల్ల ఎల్లుండి మళ్ళీ వెళ్తున్నాను' అన్నాడు. ఎక్కడికి వెళ్తున్నాడో నాకు తెలుసు. ఊళ్ళ మీదికి, బాంబులతో. ఆ రోజునుంచి బల్ల దగ్గర నా చేతులు ఆగేవి. ఒక్క తాడు మెలిపెడితే చాలు. ఎవడికీ తెలీదు. వాడొక్కడు దిగడు, కింద ఒక వీధి మిగులుతుంది. మెలి పెట్టలేదు. ఒక్కసారీ పెట్టలేదు. పదకొండుమంది దిగారు, పదకొండుమందీ మళ్ళీ వెళ్ళారు. పెడితే నేను హంతకుణ్ణి. పెట్టలేదు కనక ఏమయ్యానో నాకే తెలీదు. నువ్వైతే ఏం చేస్తావే?"

నలభై ఏళ్ళు దాటింది. నా దగ్గర జవాబు లేదు. నీ దగ్గర ఉంటే 24న సభలో చెప్పు, నేనూ వింటాను. లేకపోతే మాత్రం ఆ శీర్షిక తీసెయ్యి. ఆయన తనని తాను ఆ మాట అనుకోవడానికి కూడా వెనకాడాడు. నువ్వు పెద్ద అక్షరాల్లో కూర్చావు.

మాటిచ్చి తప్పాను. నీవల్ల.

అత్త

జూన్ 25

అత్తా,

నీ ఉత్తరం 21న వచ్చింది. దానికి ఒకరోజు ముందే ఇంకో మనిషి వచ్చాడు. వరసగా చెప్తాను, నడుమ తిట్టుకో, ఫరవాలేదు.

20న పన్నెండింటికి అందరం అన్నాలకి లేస్తుంటే గుమ్మంలో ఒక పెద్దాయన. కర్ర, తళతళలాడే బూట్లు. చేతిలో మన కరపత్రం, తలకిందులుగా పట్టుకుని ఉన్నాడు. మంగలి కొట్లో దొరికిందట. యజమాని నా చెవిలో "పాపం చదువు రాదురా, నువ్వు చదివి పెట్టు" అన్నాడు. నేను వెళ్ళి మర్యాదగా కాగితం తిప్పి ఆయన చేతిలో పెట్టాను. ఆయన మళ్ళీ తలకిందులు చేశాడు.

"తప్పుగా అచ్చేశారు. ఇది మడతలవాళ్ళ రెక్క. ఎవరిది?"

"మా తాతది."

"హంతకుడు అని రాశావు."

"రాశాను."

"నేను ఇలాంటివాడు మడిచింది కట్టుకుని దూకాను. వెనక మంట. తాడు లాగితే తెరుచుకుంది. మీ తాతది ఏ బల్ల?"

నాకు తెలీదన్నాను. నిజంగానే తెలీదు. నేను ఏదో ఒకటి మాట్లాడాలి కదా, నా సంగతి నీకు తెలుసు. "దిగాక ఏం చేశారు?" అని అడిగాను. కోపంగానే అడిగాను.

"ఎనిమిది రోజులు మంచం మీద. తొమ్మిదో రోజు మళ్ళీ ఎక్కాను. ఆ తరవాత పంతొమ్మిదిసార్లు."

"కింద ఎంతమంది?"

"మాకు చెప్పలేదు" అన్నాడు. తరవాత, "నేను అడగలేదు" అన్నాడు. అది అన్నాక కర్ర తీసుకుని, "హంతకుడు అని రాయాలనుంటే నా మీద రాయి. మడిచినవాడి మీద వద్దు" అని వెళ్ళిపోయాడు. చిరునామా అడగాలని కూడా తోచలేదు నాకు. వీధి మలుపు దాకా పరిగెత్తాను. కనపడలేదు.

మర్నాడు నీ ఉత్తరం. చదివి కాగితం కట్టల మీద కూర్చున్నాను. నాకు మొదట వచ్చింది కోపమే అత్తా, దాచను. నీ మీద, ముందే చెప్పనందుకు. గడియారాలాయన మీద. తాత మీద కూడా. ఒక్కసారైనా ఆ చేతులు తిరగబడి ఉండకూడదా, మడవను పొమ్మని బల్ల తన్నేసి ఉండకూడదా అని. నేనైతే తన్నేవాణ్ణి. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను. కానీ తాడు మెలిపెట్టడం దగ్గరికొచ్చేసరికి, ఆ మీసాలు రాని కుర్రాణ్ణి తలుచుకుంటే, నా చెయ్యి కూడా ఆగిపోతోంది. ఎంత ప్రయత్నించినా దాటదు.

నాన్న దగ్గరికి వెళ్ళాను. నీ ఉత్తరం ఇచ్చాను. నిలబడే చదివాడు. "పదకొండా?" అన్నాడు ఒక్కటే. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు. అమ్మ ఇద్దరికీ కంచాలు పెట్టింది. నేను ఇంట్లోనే ఉంటున్నాను.

యాభై కాపీల్లో ముప్ఫై ఎనిమిది వెనక్కి తెచ్చాను, ఇల్లిల్లూ తిరిగి. మిగతావి ఎటుపోయాయో తెలీదు. కొత్త కాగితానికి యజమాని ఒప్పుకోలేదు. "ఒక వైపు ఖాళీగానే ఉందిగా, ఆ వైపు వేసుకో" అన్నాడు. అలాగే వేశాను. ఒక వైపు నా తప్పు, రెండో వైపు నిజం. నా తప్పుని కొట్టెయ్యలేదు, ఉండనీ.

నిన్న సభలో చదివాను. పారాచ్యూట్లు, వేలెత్తి చూపిన అధికారి, పదకొండుమంది, పంతొమ్మిదిసార్లు, అంతా. సగంలోనే మా సంఘంవాళ్ళే లేచారు. "ఇంతకీ నువ్వు యుద్ధానికి అటా ఇటా?" అని ఒకడు అరిచాడు. "యుద్ధానికి వ్యతిరేకిని రా వెధవా, నువ్వు నోరు మూసుకుంటే అదే చెప్తున్నాను!" అన్నాను. మైకులో అన్నాను. అధ్యక్షుడు నా చొక్కా పట్టుకుని లాగాడు. చప్పట్లు రాలేదు. కానీ గోడకానుకుని నిలబడిన ఒకావిడ చివరిదాకా కదలకుండా విని, కాపీ అడిగి తీసుకెళ్ళింది. దళంలో పేరిచ్చి వచ్చిన కొడుకున్నాడట ఆవిడకి.

ఒక్క సంగతి నీకు చెప్పాలి. కొత్త వైపు కూరుస్తూ కూరుస్తూ చివరి వరసకి వచ్చాను: 'మా తాత మడతల వల్ల దిగినవాళ్ళు పదకొండుమంది. వాళ్ళు మళ్ళీ వెళ్ళినందువల్ల పోయినవాళ్ళు'. అక్కడ ఆగిపోయాను. ఎన్నో అని వేద్దామనుకున్నాను, చాలామంది అని వేద్దామనుకున్నాను. అవన్నీ నేను సభల్లో వాడే మాటలే. ఏ మాటా కుదరలేదు. ఖాళీ వదిలేశాను.

ప్రూఫు చూసి యజమాని "అంకె మర్చిపోయావు" అన్నాడు.

"మర్చిపోలేదు. ఖాళీయే అక్కడ."

"ఖాళీ అంటే ఊరికే వదిలేస్తే ఎలాగరా, ఎన్నాళ్ళుగా చేస్తున్నావు ఈ పని? వరస వదులై సీసం అక్షరాలన్నీ కూలిపోతాయి. అక్కడా సీసం పెట్టు."

నిజమే. ఇన్నాళ్ళూ మాటకీ మాటకీ మధ్య పెడుతూనే ఉన్నాను, ఒక్కసారీ వాటికేసి చూడలేదు. అక్షరం లేని సీసం ముక్కల్ని ఒక్కొక్కటే తీసి పెట్టాను. అంకె తెలీదు కదా, ఎన్ని పెట్టాలో ఎలా తెలుస్తుంది. వరస బిగుసుకునేదాకా పెడుతూనే ఉన్నాను.

నీ
మేనల్లుడు